రేటు తగ్గించమని అడిగే ముందు: చిన్న వ్యాపారాల యజమానులకు ఐటీ సపోర్ట్ ఇంజినీర్ల బహిరంగ లేఖ

చిన్న వ్యాపారాలు నడుపుతున్న యజమానులకు, ఆఫీసు మేనేజర్లకు,

నమస్కారం.

మీ టికెట్లు (సమస్య వచ్చినప్పుడు మీరు నమోదు చేసే ఫిర్యాదులు) అందుకునేది, రాత్రిపూట మీ సర్వర్‌లోకి లాగినయ్యేది, ప్రింటర్ వెనక కేబుల్ కోసం వంగి వెతికేది మేమే. ఒప్పందం రెన్యువల్‌కి వచ్చేసరికి మేము పనిచేసే సపోర్ట్ కంపెనీని మీరు అడిగేది ఒకటే: రేటు ఎంత తగ్గిస్తారు? గట్టిగా అడిగితే తగ్గిస్తారు. తగ్గించింది ఇంకోచోట రాబట్టుకుంటారు కూడా. మీ ఖాతాకి అనుభవం లేని కుర్రాణ్ణి వేస్తారు, ఎవరూ అడగని పనులు ఒక్కొక్కటే జారిపోతాయి. ఇప్పుడు కడుతున్న డబ్బుకే మీకు రావాల్సిన పని చాలా ఉంది. అడగరు కాబట్టి అది జరగదు. ఏం అడగాలో, ఎలా అడగాలో చెబుదామనే ఇది రాస్తున్నాం.

ముందు ఒప్పందం కాగితం తీయండి. అందులో 'రెస్పాన్స్ టైమ్ ఒక గంట' అని ఉంటే, గంటలో పని అయిపోతుందని కాదు, గంటలో ఎవరో ఒకరు పలుకుతారని. 'మీ టికెట్ అందింది' అని సాఫ్ట్‌వేర్ దానంతటది పంపే మెయిల్‌ని కూడా రెస్పాన్స్ కింద వేసుకునే కంపెనీలున్నాయి. అందుకని రెండు గడువులు విడివిడిగా రాయించుకోండి: మనిషి పని మొదలుపెట్టడానికి ఎంత, మీ పని మళ్ళీ నడవడానికి ఎంత. రెండోదానికి గట్టి గ్యారంటీ ఇచ్చేవాళ్ళు తక్కువ. కాలిపోయిన పవర్ సప్లై ఎప్పుడొస్తుందో మా చేతుల్లో ఉండదు. కానీ ఫలానా సమయం దాటితే టికెట్ సీనియర్ ఇంజినీర్‌కి వెళ్తుందని, అప్పటిదాకా వాడుకోవడానికి వేరే మెషిన్ ఇస్తారని రాయించుకోవచ్చు. అది అడగడం న్యాయమే.

పనిగంటల సంగతీ చూడండి. 8 గంటల గడువు పనిగంటల లెక్కలో ఉంటే, శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే వేళ పెట్టిన టికెట్‌కి ఆ గడువు సోమవారం సాయంత్రం తీరుతుంది. మీ వ్యాపారం వారాంతంలోనే ఎక్కువ నడిచేదైతే ఆ ఒప్పందం మీకోసం రాసింది కాదు. ఇంకొకటి: టికెట్‌ని 'కస్టమర్ జవాబు కోసం' అన్న స్టేటస్‌లో పెట్టగానే గడియారం ఆగుతుంది. సాయంత్రం ఆరుకి ఐదు నిమిషాలుందనగా 'సమస్య ఇంకా ఉందా?' అని ఒక ప్రశ్న పంపేసి ఇంటికెళ్ళిపోయే పద్ధతి మా వృత్తిలో ఉంది. ఎప్పుడైనా అనుమానమొస్తే ఆ టికెట్ స్టేటస్ ఎప్పుడెప్పుడు మారిందో హిస్టరీ చూపించమనండి. టికెట్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా అది నమోదవుతుంది.

ఏది అత్యవసరమో కూడా మీ సొంత సిస్టమ్‌ల పేర్లతో రాయించాలి. 'తీవ్ర అంతరాయం' లాంటి మాటలకి ఎవరికి నచ్చిన అర్థం వాళ్ళు చెప్పుకుంటారు. 'బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే పీ1, ఒక్కరికి మెయిల్ రాకపోతే పీ3' అని ఉంటే వాదన ఉండదు. పీ1 అంటే అన్నిటికంటే అత్యవసరం, పీ3 అంటే కాస్త ఆగగలిగేది.

ఇక అసలు డబ్బు పోయే చోటు. గత 3 నెలల టికెట్లన్నీ ఎక్సెల్ షీటుగా పంపమనండి. తేదీ, ఎవరు పెట్టారు, ఏ మెషిన్, ఏం సమస్య, ఎన్ని నిమిషాలు పట్టింది, ఏం చేసి మూశారు, ఈ ఆరు కాలమ్‌లు చాలు. ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కితే వచ్చేదే, దానికి వారం గడువు అడిగితే ఒప్పుకోకండి. వచ్చాక మెషిన్ పేరు మీద ఒకసారి, సమస్య పేరు మీద ఒకసారి సార్ట్ చేయండి. ఒకే వరసలో పక్కపక్కనే పేరుకున్న టికెట్లు కనిపిస్తాయి.

వాటిలో 'ప్రింటర్ ఆఫ్‌లైన్' కనిపించని ఆఫీసు అరుదు. మా వాళ్ళు రిమోట్‌లో వచ్చి ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్ పనులని వరసలో పెట్టే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేస్తారు, లేదా ప్రింటర్‌ని తీసేసి మళ్ళీ యాడ్ చేస్తారు. పావుగంటలో టికెట్ మూసేస్తారు. కొన్నాళ్ళకి మళ్ళీ అదే. కారణం చాలాసార్లు ఇలా ఉంటుంది: ప్రింటర్‌కి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) రౌటర్ ఇస్తోంది. సెలవుల్లో ప్రింటర్ ఆపేసి ఉన్నప్పుడు ఆ అడ్రస్ గడువు తీరి ఇంకో ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో వెళ్ళిపోతుంది. ప్రింటర్ ఆన్ చేయగానే కొత్త అడ్రస్ తీసుకుంటుంది, కంప్యూటర్లేమో పాత అడ్రస్‌కే పంపుతూ కూర్చుంటాయి. దీనికి రౌటర్‌లో ఆ ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (తయారీలోనే వచ్చే గుర్తింపు నంబర్) మీద ఒక ఐపీ రిజర్వ్ చేయాలి. తర్వాత ప్రతి కంప్యూటర్‌లోనూ ప్రింటర్ పోర్టు డబ్ల్యూఎస్‌డీ (విండోస్ ప్రింటర్‌ని దానంతటదే వెతుక్కునే పద్ధతి) మీద ఉంటే దాన్ని మార్చి, ఆ ఐపీతో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్టు పెట్టాలి. నాలుగైదు కంప్యూటర్లున్న ఆఫీసులో ఒక పూట పని కూడా కాదు.

మరి మేమెందుకు చేయం? ఆ పావుగంట టికెట్ మా నెలవారీ రిపోర్టులో అందంగా కనిపిస్తుంది కాబట్టి. అలాంటివి ఎన్ని మూస్తే మా 'సగటు పరిష్కార సమయం' అంత తగ్గుతుంది. మీరు గంటల లెక్కన కడుతుంటే మా ఆదాయం కూడా పెరుగుతుంది. అందుకే ఒప్పందంలో ఒక వాక్యం చేర్పించండి: ఒకే సమస్య 60 రోజుల్లో మూడోసారి వస్తే, కారణం రాయకుండా టికెట్ మూయకూడదు, ఆ కారణం వెతకడానికి పట్టిన సమయానికి విడిగా బిల్లు వేయకూడదు. మాలో మంచి ఇంజినీర్లు దీన్ని సంతోషంగా ఒప్పుకుంటారు. ఒకే ప్రింటర్‌ని పదిసార్లు యాడ్ చేయడం మాకూ సరదా కాదు.

పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ ఒకరి ఖాతా లాక్ అవుతూనే ఉంటే, డ్రాయర్‌లో పడున్న పాత ఫోనో ట్యాబ్లెటో పాత పాస్‌వర్డ్‌తో మెయిల్ కోసం తలుపు తడుతుండొచ్చు. అన్‌లాక్ చేసి వదిలేస్తే అది రేపు మళ్ళీ తడుతుంది. వైఫై అప్పుడప్పుడూ నెమ్మదిస్తుంటే, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఏ ఛానెల్ మీద ఉందో అడగండి. 1, 6, 11 తప్ప వేరేది పెట్టి ఉంటే ఎందుకు పెట్టారో కూడా అడగండి, ఎందుకంటే ఆ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి.

టికెట్ పెట్టే తీరు గురించి ఒక్క మాట. 'సిస్టమ్ పనిచేయట్లేదు, అర్జెంట్' అని వస్తే మొదటి పావుగంట ఏం జరిగిందో కనుక్కోవడానికే పోతుంది. మెషిన్ పేరు, ఎన్నింటికి మొదలైంది, ఒక్కరికేనా అందరికా, స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ ఫోటో, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది, ఇప్పుడు ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి, ఇవి రాస్తే మేము ఫోన్ ఎత్తేలోపే సగం దూరం వచ్చేస్తాం. మెషిన్ పేరుని స్టిక్కర్ మీద రాసి ప్రతి మానిటర్ కిందా అంటించమని మా వాళ్ళకే చెప్పండి. తెలిసిన ఇంజినీర్‌కి నేరుగా వాట్సాప్‌లో పెట్టడం మానేయండి. అతను సెలవులో ఉంటే అది ఎవరి కంటా పడదు, పడి పని అయినా రికార్డు ఉండదు, పైన చెప్పిన షీటులోకి రాదు.

బ్యాకప్ దగ్గర కాస్త ఆగాలి. మీకు రోజూ 'బ్యాకప్ విజయవంతం' అని ఆకుపచ్చ మెయిల్ వస్తూ ఉండొచ్చు. చెప్పిన ఫోల్డర్లు కాపీ అయ్యాయని మాత్రమే దాని అర్థం. ఆర్నెల్ల కిందట అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ని కొత్త డ్రైవ్‌లోకి మార్చి, ఆ డ్రైవ్‌ని బ్యాకప్ జాబితాలో చేర్చడం మరిచిపోతే, మెయిల్ ఆకుపచ్చగానే వస్తుంది. డేటాబేస్ తెరిచి ఉండగా మామూలు ఫైల్‌లా కాపీ చేస్తే కాపీ అవుతుంది, తిరిగి పెడితే తెరుచుకోకపోవచ్చు. ఇవి రిస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి ఫైళ్ళు తిరిగి తెచ్చి, చూస్తే తప్ప బయటపడవు.

కాబట్టి మూడు నెలలకోసారి మీరే పరీక్ష పెట్టండి. ఏ ఫైల్ అన్నది మేము ఎంచుకోకూడదు, మీరు ఎంచుకోవాలి. మూడు వారాల కిందటి తేదీ ఒకటి చెప్పి, ఆ రోజున ఉన్న ఫలానా షీటు కావాలనండి. అకౌంటింగ్ డేటా మొత్తాన్ని వేరే మెషిన్ మీద రిస్టోర్ చేసి, మీ అకౌంటెంట్ చేత తెరిపించి, ఆ రోజు చివరి వోచర్ నంబర్ సరిపోయిందో లేదో చూడమనండి. అడిగినప్పటి నుంచి తెరుచుకునేదాకా ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. ఒప్పందంలో ఏ గడువు రాసి ఉన్నా, మీ అసలు గడువు ఆ అంకె.

ఆ అంకె ఎందుకు పెద్దదవుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. మీ డేటా 1 టెరాబైట్, అంతా క్లౌడ్‌లోనే ఉంది, మీ లైన్ 100 ఎంబీపీఎస్ అనుకుందాం. లైన్ పూర్తి వేగంతో నడిచినా మొత్తం దిగడానికి 22 గంటలు దాటుతుంది. నిజంలో అంత వేగం రాదు, ఆ సమయంలో మిగతావాళ్ళు పని కూడా చేయాలి. అందుకే మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయట అన్న పాత 3-2-1 పద్ధతి ఇప్పటికీ నిలబడి ఉంది: ఆఫీసులో ఉన్న కాపీ త్వరగా తేరుకోవడానికి, బయట ఉన్నది నిప్పో దొంగతనమో జరిగితే. ఆఫీసు కాపీ ఉన్న పెట్టెలోకి రోజువారీ ఖాతాలతో ఎవరూ లాగిన్ కాలేకుండా పెట్టారా అని అడగండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ముందు వెతికేది బ్యాకప్‌నే.

'మాకు క్లౌడ్ ఉందిగా' అనేవాళ్ళకి: సింక్ (రెండుచోట్లా ఫైళ్ళు ఒకేలా ఉంచడం) బ్యాకప్ కాదు. ల్యాప్‌టాప్‌లో తుడిచేసింది మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌లోనూ తుడుచుకుపోతుంది, ఆఫీసు ఖాతాల్లో 93 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉండి తర్వాత పోతుంది. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వీసైన ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో డిలీటెడ్ ఐటమ్స్ నుంచి కూడా తీసేసిన మెయిల్ మామూలు సెట్టింగ్‌లో 14 రోజులే దొరుకుతుంది. దాన్ని 30 రోజులకి పెంచొచ్చు, పైసా ఖర్చు లేదు, పెంచమని అడగండి. సంవత్సరం కిందటి మెయిల్ కావాలంటే విడిగా బ్యాకప్ కొనుక్కోవాల్సిందే.

నెలాఖరు రిపోర్టుల్లో 'ప్యాచింగ్ 98 శాతం' అని గుండ్రటి చార్టు మెరుస్తుంటుంది. ప్యాచింగ్ అంటే లోపాలు పూడ్చే అప్‌డేట్లు వేయడం. దేంట్లో 98 శాతం? మా ఏజెంట్ (మెషిన్‌ని దూరం నుంచి చూసుకునే మా సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ అయి, ఈ నెలలో ఆన్‌లైన్‌కి వచ్చిన మెషిన్‌లలో. మాకు చెప్పకుండా కొన్న రెండు ల్యాప్‌టాప్‌లు, గోడౌన్‌లో వారానికోసారి తెరిచే కంప్యూటర్ ఆ లెక్కలో లేవు. మీ జీతాల జాబితా, మీరు కొన్న మెషిన్‌ల బిల్లులు, మా జాబితా మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. '30 రోజులుగా కనిపించని మెషిన్లు' అన్న పేజీ విడిగా ఇమ్మనండి. వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మేలో ప్రపంచాన్ని పట్టుకునేనాటికి దాన్ని ఆపే ప్యాచ్ విడుదలై రెండు నెలలైంది. దెబ్బతిన్నవి ఆ ప్యాచ్ ఇంకా చేరని మెషిన్‌లే. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంకా అది నడుస్తున్న మెషిన్లు ఎన్నో, వాటిని ఏం చేయబోతున్నారో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు మా కంపెనీల వాళ్ళకి నచ్చని విషయం. మీ తాళాలు మీ దగ్గర ఉండాలి.

డొమైన్ పేరు (మీ వెబ్‌సైట్, మెయిల్ చిరునామా) ఎవరి పేరు మీద రిజిస్టరైంది, రెన్యువల్ మెయిల్ ఎవరికి వెళ్తుంది అన్నది ఇవాళే చూడండి. సౌకర్యం కోసం ప్రొవైడర్, అంటే మీ సపోర్ట్ కంపెనీ, తన ఖాతాలోనే కొనిపెట్టేయడం మామూలు. సంబంధం చెడినప్పుడు మీ వెబ్‌సైట్, మీ మెయిల్ రెండూ ఆ ఖాతాలో ఇరుక్కుంటాయి. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) దగ్గర ఖాతా మీ కంపెనీ పేరున, మీ మెయిల్ ఐడీతో, ఆ డొమైన్ మీద ఆధారపడని ఐడీతో ఉండాలి. డొమైన్ ఆగిపోతే దాని మీదున్న మెయిల్‌కి పాస్‌వర్డ్ రీసెట్ రాదు కదా. మాకు డీఎన్ఎస్ (ఆ పేరు ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే సెట్టింగులు) మార్చే అనుమతి ఇస్తే చాలు.

మైక్రోసాఫ్ట్ 365 గ్లోబల్ అడ్మిన్ ఖాతా (అన్ని అధికారాలూ ఉన్నది) ఒకటి మీ సొంతానికి పెట్టుకోండి. రోజూ వాడనిది, పెద్ద పాస్‌వర్డ్‌తో, హార్డ్‌వేర్ కీతో, సీల్ చేసిన కవర్‌లో. ఫైర్‌వాల్ (బయటి నెట్ నుంచి ఆఫీసుని కాపాడే పరికరం) అడ్మిన్ పాస్‌వర్డ్, దాని కాన్ఫిగరేషన్ ఫైల్, ఇంటర్నెట్ కంపెనీ ఖాతా నంబర్, లైసెన్స్ కీలు, నెట్‌వర్క్ డయాగ్రామ్ కూడా మీ దగ్గర ఒక కాపీ ఉండాలి, ఏడాదికి రెండుసార్లు తాజా చేయాలి. విండోస్ డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే (తాళం వేసే) బిట్‌లాకర్ రికవరీ కీలు ప్రత్యేకంగా అడగండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయినప్పుడు, ఫైల్ ఒకటి తీసేస్తే సరిపోయేది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న చోట ఆ ఫైల్ దాకా వెళ్ళాలంటే చాలాచోట్ల 48 అంకెల కీ కావాల్సొచ్చింది. ఆ కీలు దాచిన సర్వరే పడిపోయిన ఆఫీసుల పరిస్థితి ఊహించుకోండి.

మా రిమోట్ టూల్ మీ ప్రతి మెషిన్ మీదా పూర్తి అధికారంతో కూర్చుని ఉంటుంది. 2021 జులైలో కసేయా వీఎస్ఏ అనే టూల్‌లోని లోపాన్ని వాడుకుని, సపోర్ట్ కంపెనీల ద్వారానే 1,500 వరకు వ్యాపారాలకి రాన్సమ్‌వేర్ ఎక్కించారు. అందుకని మీ ప్రొవైడర్‌ని అడగాల్సినవి అడగండి: మీ ఇంజినీర్లు ఒక్కొక్కరూ సొంత లాగిన్‌తో వస్తారా, అందరికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డా? టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ లాంటి రెండో తనిఖీ) అందరికీ ఉందా? ఇంజినీర్ ఉద్యోగం మానేస్తే మా సిస్టమ్‌ల మీద అతని యాక్సెస్ ఎన్ని గంటల్లో తీసేస్తారు? తడుముకుంటే అదే జవాబు.

లైసెన్సుల బిల్లు తొందరగా తగ్గే చోటు. హెచ్‌ఆర్ జాబితాతో లైసెన్స్ జాబితాని పోల్చితే, మానేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కనిపిస్తాయి. వాళ్ళ మెయిల్‌బాక్స్‌ని షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా (మిగతావాళ్ళు తమ లాగిన్‌తో చూడగలిగే ఉమ్మడి పెట్టె) మార్చి సైన్ ఇన్ ఆపేస్తే, 50 జీబీ దాకా లైసెన్స్ అక్కర్లేదు. కానీ మార్చకముందే ఖాతా తీసేస్తే 30 రోజుల తర్వాత ఆ మెయిల్ తిరిగి రాదు. ఈ వరుస తప్పడం వల్ల పోయిన మెయిళ్ళు చాలా ఉన్నాయి. ఉద్యోగి చివరి రోజుకి కనీసం ఒక పనిరోజు ముందు మాకు చెప్పండి, వెళ్ళాక వారానికి కాదు. ఏడాది కమిట్‌మెంట్ మీద కొన్న లైసెన్సులు మధ్యలో తగ్గవు, రెన్యువల్ తేదీని మీ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

గంటల లెక్కన కట్టేవాళ్ళు కనీస స్లాట్ ఎంతో చూసుకోండి. అరగంట కనీసమైతే, ఐదు నిమిషాల పనులు ఆరు విడివిడిగా అడిగితే మూడు గంటల బిల్లు. తొందరలేనివి పోగేసి ఒకేసారి ఇవ్వండి.

మీ వైపు జరిగే తప్పులూ చెప్పాలి. టూ ఫ్యాక్టర్ అందరికీ పెట్టి, యజమానికి మాత్రం చిరాకని మినహాయించమంటారు. మోసగాళ్ళకి కావాల్సిందే యజమాని మెయిల్, బ్యాంకు వివరాలు మార్చమని అకౌంట్స్‌కి మెయిల్ వెళ్ళేది అందులోంచే. యూపీఎస్ బ్యాటరీ వయసు మూడు నుంచి ఐదేళ్ళు, మార్చమని మేము రాసిన మెయిల్ మీ ఇన్‌బాక్స్‌లో జవాబు లేకుండా పడి ఉంటుంది. అన్నిటికంటే ఇబ్బంది, మీ ఆఫీసులో ఎవరు 'సరే' అంటే పని మొదలుపెట్టాలో మాకు తెలియకపోవడం. ఒక మనిషిని, ఆ మనిషి లేనప్పుడు ఇంకొకరిని పేరు పెట్టి చెప్పండి. ఎంత మొత్తం దాకా వాళ్ళు ఒప్పుకోవచ్చో కూడా రాసివ్వండి. ఈ ఒక్క పనితో రోజులు పట్టే టికెట్లు గంటల్లోకి వస్తాయి.

మూడు నెలలకోసారి మీటింగ్ పెట్టమనండి, అమ్మకాల మనిషితో కాకుండా మీ టికెట్లు చూసే ఇంజినీర్‌తో. గంట చాలు. టికెట్ షీటు, రిస్టోర్ పరీక్ష ఫలితం, కనిపించని మెషిన్లు, వచ్చే ఆరునెలల్లో వారంటీ తీరేవి, ఇవి బల్ల మీద ఉండాలి. స్లైడ్లు తేవద్దనండి.

చివరగా, విడిపోయే క్లాజు. సంబంధం బాగున్నప్పుడే రాయించుకోవాలి, చెడ్డాక ఎవరూ రాయరు. నోటీసు ఇచ్చాక 30 రోజుల్లో పాస్‌వర్డ్‌లు, డాక్యుమెంట్లు, బ్యాకప్‌లు తెరవగలిగే రూపంలో ఇవ్వాలి. కొత్త ప్రొవైడర్‌తో కనీసం రెండు మీటింగులకి రావాలి. మా ఏజెంట్ సాఫ్ట్‌వేర్‌ని ప్రతి మెషిన్ నుంచీ తీసేసి జాబితా ఇవ్వాలి. దానికి ఫీజు ఉంటే ఎంతో ఇప్పుడే అంకె వేయాలి. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ప్రొవైడర్‌దైతే, ఒప్పందం ముగిసిన రోజున పాత బ్యాకప్‌లు తెరుచుకుంటాయా లేదా అన్నది విడిగా ఒక వాక్యంలో రాయించండి. చాలా ఒప్పందాల్లో ఆ వాక్యం లేదు.

ఇట్లు,
మీ సపోర్ట్ డెస్క్ అవతలివైపు పనిచేసేవాళ్ళం